నలభై ఏళ్ళ నాటి యూనివర్సిటీ టీవీ పాఠాలను బయటికి తీశాం: నా అనుభవం

యూజీసీ వాళ్ళ 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' అనే కాలేజీ పాఠాల కార్యక్రమం దూరదర్శన్‌లో మొదలైంది 1984 ఆగస్టు 15న. 2024 ఆగస్టుకి నలభై ఏళ్ళు. ఆ సందర్భంగా మా యూనివర్సిటీ మీడియా సెంటర్‌లో మూలపడి ఉన్న టేపులు తీసి, నాలుగు పాఠాలైనా తెర మీద చూపిద్దామని జనవరిలో ఒక మీటింగులో అనుకున్నారు. లైబ్రరీలో డిజిటైజేషన్ చూసేది నేనే కాబట్టి పని నా నెత్తిన పడింది. పుస్తకాలు స్కాన్ చేయడం వేరు, వీడియో టేపులు వేరు అని ఆ గదిలో ఎవరూ అనుకోలేదు. మిగతా యూనివర్సిటీల్లో కూడా ఇలాంటి బీరువాలు ఉంటాయి, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరికి ఈ పని తగులుతుంది. వాళ్ళ కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

స్టోర్ రూమ్ తాళం తీయించడానికే ఫిబ్రవరి వచ్చేసింది. లోపలి సామాను అంతా అప్పటికే కండెమ్ చేసేశారు, అంటే పనికిరాదని రాసేశారు. విరిగిన కుర్చీలు, కాలిపోయిన స్టెబిలైజర్లతో పాటు టేపులు కూడా వేలానికి వెళ్ళే లిస్టులో ఉన్నాయి. కండెమ్ అయిన వస్తువును మళ్ళీ వాడాలంటే ముందు దాన్ని లిస్టులోంచి తప్పించాలి. దానికి నోట్ పెట్టాలి, నోట్ మీద వరసగా సంతకాలు పడాలి. ఫైనాన్స్ నుంచి ఫైలు ఒక ప్రశ్నతో తిరిగొచ్చింది: ఈ టేపుల విలువెంత? స్టాక్ రిజిస్టర్ ప్రకారం తరుగుదల పోగా సున్నా. అయితే సున్నా విలువ ఉన్న వస్తువు మీద డబ్బు ఎందుకు ఖర్చు పెట్టాలో రాసివ్వమన్నారు. రాసిచ్చాను. ఫైలు కిందికి దిగేసరికి మార్చి సగం గడిచింది. వేలం మార్చి నెలాఖరున. మొత్తం పనిలో నాకు నిజంగా టెన్షన్ పుట్టించింది ఈ నెలన్నరే. టేపు పాడైతే ఏదో ఒకటి చేయొచ్చు, లారీ ఎక్కిపోతే చేయగలిగింది లేదు.

అందుకే చెబుతున్నాను, ఎవరైనా ఈ పని మొదలుపెడితే టేపులు చూడకముందు కండెమ్నేషన్ లిస్టు చూడండి.

బీరువాల్లో ఉన్నవి మన ఇళ్ళలో ఉండే వీహెచ్‌ఎస్ క్యాసెట్లు కావు, యూమాటిక్. ముప్పావు అంగుళం వెడల్పు టేపు, చేతికి బరువుగా తగిలే పెద్ద క్యాసెట్. సోనీ 1971లో తెచ్చిన ఈ ఫార్మాట్ మీదే ఎనభైల్లో మన యూనివర్సిటీ స్టూడియోలు నడిచాయి. స్టూడియో క్యాసెట్‌లో గంట పడుతుంది, బయట షూటింగ్‌కి తీసుకెళ్ళే చిన్న దాంట్లో ఇరవై నిమిషాలే. క్యాసెట్ అడుగున ఒక ఎర్ర బొత్తాం ఉంటుంది. అది ఉంటేనే రికార్డింగ్ అవుతుంది, పీకేస్తే దాని మీద ఇంకోటి ఎక్కించడం కుదరదు. బొత్తాం పీకేసినవి అంటే ఎవరో కావాలని దాచినవి. వాటిని ముందు పక్కకు తీశాను. బొత్తాం ఉన్న వాటిలో చాలావాటికి లేబుల్ మీద లేబుల్, దాని మీద ఇంకోటి. గోటితో గీకితే అడుగున రసాయన శాస్త్రం, మధ్యలో స్నాతకోత్సవం, పైన ఎవరిదో వీడ్కోలు సభ. దిగుమతి టేపు, ఖరీదెక్కువ, బడ్జెట్ తక్కువ. ప్రసారం అయిపోయిన పాఠాన్ని చెరిపేసి కొత్తది రికార్డు చేయడం అప్పట్లో తప్పు కాదు, పొదుపు.

కొన్ని క్యాసెట్ల కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి బూజు. అవి వేరే అట్టపెట్టెలో, వేరే గదిలో పెట్టించాను. ఒక్క బూజు టేపు మెషీన్లో తిరిగితే దాని తర్వాత పెట్టిన ప్రతి టేపుకూ అది అంటుకుంటుంది.

ఇక మెషీన్. సెంటర్‌లోనే సోనీ వీఓ-5850లు పడున్నాయి. ఆ రోజుల్లో ఎడిటింగ్‌కి అందరూ వాడిన మోడల్ ఇది. ప్లగ్ పెడితే లైటు వెలిగింది, క్యాసెట్ లోపలికి వెళ్ళింది, అంతే, బయటికి రాలేదు. ఊళ్ళో ఎవరిని అడిగినా "అది ఎక్కడిది మేడం, మ్యూజియంలో పెట్టండి" అన్నారు. ఒక ప్రైవేటు ల్యాబ్ గంట టేపుకి 3,500 రూపాయలు అడిగింది. బేకింగ్, అంటే టేపును సన్నటి వేడి మీద ఆరబెట్టడం, చేస్తారా అని అడిగితే ఆ మాట వాళ్ళకే కొత్త. చివరికి మా సెంటర్‌లోనే ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయన ఫోన్ నంబరు పెన్షన్ సెక్షన్ వాళ్ళ దగ్గర దొరికింది. డెబ్బై రెండేళ్ళు. ఏప్రిల్ మొదటి వారంలో స్కూటర్ మీద, సొంత స్క్రూడ్రైవర్ల సంచితో వచ్చారు. పైమూత తీసి, టార్చ్ వేసి చాలాసేపు చూశారు.

"హెడ్లు బతికే ఉన్నాయమ్మా. రబ్బరే చచ్చిపోయింది" అన్నారు.

అదే నిజమైంది. టేపును చదివే హెడ్లు బాగానే ఉన్నాయి. బెల్టులు ముట్టుకుంటే నల్లటి జిగురై వేలికి అంటుకున్నాయి. టేపును నడిపించే పించ్ రోలర్ ఒక పక్క అణిగిపోయి గట్టిపడింది. రెండు మెషీన్లు విప్పి ఒకటి తయారు చేద్దామన్నారు. బెల్టులు, రోలర్లు విదేశం నుంచి తెప్పించాల్సి వచ్చింది. కస్టమ్స్‌తో కలిపి 14,000 దాకా అయింది, పార్శిల్ రావడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ ఖాళీగా ఉండలేక ఆయన ఒక బీరువా అడుగు అరలోంచి పాత రిజిస్టర్లు బయటికి లాగారు. ఈ కథ అసలు మలుపు తిరిగింది అక్కడ. దాని గురించి తర్వాత చెబుతాను, ముందు టేపుల సంగతి కానివ్వండి.

మెషీన్ తిరిగాక కూడా బొమ్మ కంప్యూటర్లోకి రాలేదు. టీవీ పెట్టెలో చక్కగా కనిపించే బొమ్మ, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే క్యాప్చర్ కార్డుకి వెళ్ళేసరికి తెగిపోతోంది, నల్ల ఫ్రేములు వస్తున్నాయి. పాత టేపు నడకలో ఉండే చిన్న తడబాటును పాత టీవీ సర్దుకుపోతుంది, కంప్యూటర్ సర్దుకోదు. మధ్యలో టైమ్ బేస్ కరెక్టర్ అనే పెట్టె ఉండాలి, అది ప్రతి గీతనూ సరైన సమయానికి నిలబెట్టి పంపుతుంది. ఒక చానెల్ వాళ్ళు అమ్మేసిన పాత సామాన్లలోంచి 22,000కి ఒకటి దొరికింది. ఖర్చు అంచనా వేసేటప్పుడు మెషీన్ రాసి దీన్ని మర్చిపోతే పని అక్కడే ఆగిపోతుంది.

జూన్‌లో మొదటి టేపు పెట్టాం. అర నిమిషం నడిచిందో లేదో కీచుమని అరుపు. ఆయన చెయ్యి నా కంటే ముందు స్టాప్ మీదకు వెళ్ళింది. టేపు మీద అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు ఏళ్ళ తరబడి గాలిలోని తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, అప్పుడు టేపు హెడ్లకు అతుక్కుని అరుస్తుంది. క్యాసెట్ తెరవగానే పాత క్రేయాన్ల వాసన వస్తే ఆ జబ్బు ఉన్నట్టే అనుకున్నాం, చాలావరకు నిజమే అయింది. మందు ఏమిటంటే సన్నటి వేడి మీద ఆరబెట్టడం. 50 నుంచి 54 డిగ్రీలు, ఎనిమిది గంటలకు తగ్గకుండా, మధ్యలో ఒకసారి తిరగేసి, తర్వాత అంతసేపూ చల్లారనివ్వాలి. వంటింటి ఓవెన్ పనికిరాదు, దాని వేడి పదేసి డిగ్రీలు అటూ ఇటూ పోతుంది. మైక్రోబయాలజీ వాళ్ళ ఇన్‌క్యుబేటర్ అడిగాను. బ్యాక్టీరియా పెంచే చోట బూజు టేపులు పెడతారా అని ఆ డిపార్ట్‌మెంట్ హెడ్ మేడం నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. బూజు లేనివే తెస్తానని, స్కాలర్ల ప్లేట్లు లేని శని, ఆదివారాల్లోనే వాడతానని ఒప్పించాను. జూన్, జూలై శనివారాలన్నీ దానికే పోయాయి. ఆరబెట్టిన టేపు కొన్ని వారాలు మాత్రమే బాగా నడుస్తుంది, మళ్ళీ తేమ పడుతుంది. కాబట్టి ఒక్కసారే ఎక్కువ ఆరబెట్టి పెట్టుకోకండి. ఆ వారం క్యాప్చర్ చేయగలిగినన్నే పెట్టండి.

హెడ్లు తుడవడం కూడా ఆయన దగ్గరుండి నేర్పారు. ఇయర్ బడ్స్ వద్దు, దూది పోగు హెడ్ సందులో ఇరుక్కుంటే హెడ్ విరుగుతుంది. పోగులు రాలని గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. గుడ్డను హెడ్లుండే డ్రమ్‌కి ఆనించి డ్రమ్‌ని చేత్తో తిప్పాలి, గుడ్డను పైకీ కిందికీ రుద్దకూడదు. ప్రతి టేపు తర్వాతా చేశాం. విసుగ్గా ఉంటుంది, అయినా చేశాం.

మొదటి పూర్తి పాఠం వచ్చిన రోజు: ముందు రంగుల పట్టీలు, సన్నటి ఈల లాంటి టోన్, తర్వాత గడియారం ముల్లు, తర్వాత ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన. సఫారీ సూటు. క్లాసులో యాభై నిమిషాలు బోర్డు మీద రాస్తూ చెప్పే మనిషిని ఇరవై నిమిషాల్లో, కెమెరాలోకి చూస్తూ, ఇంగ్లీషులో చెప్పమన్నారు. నుదుటి మీద చెమట మెరుస్తోంది. ఏసీ చప్పుడు మైకులో పడుతుందని టేక్ నడుస్తున్నంతసేపూ ఏసీ ఆపేసేవారట, పైన రెండేసి కిలోవాట్ల లైట్లు. లోలకం బొమ్మ గీసిన అట్ట ఒకటి ఫ్రేములోకి వచ్చి నిలబడుతుంది. ఒకచోట అట్ట పట్టుకున్న చేతి వేళ్ళు, వాటికి ఉంగరం, స్పష్టంగా కనిపిస్తాయి. ఇంజనీరు గారు నవ్వి, "అది మా ఆర్టిస్టు చెయ్యి. ఆయన ఉంగరం తీయనని ఎప్పుడూ గొడవే" అన్నారు. గ్రాఫిక్స్ అంటే అప్పుడు అదే, అట్ట, రంగులు, మంచి చేతిరాత.

ఇంజనీరు గారు అంతకుముందు కుర్రతనంలో 'సైట్' (శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్) ప్రయోగంలో పనిచేశారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, నాసా ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించిన ప్రయోగం అది. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. కోళ్ళగూళ్ళకు వాడే ఇనుప వలతో చేసిన పది అడుగుల డిష్‌ను ఉపగ్రహం వైపు తిప్పడం, వర్షానికి తడిసిన సెట్లు బాగుచేయడం ఆయన పని. ఆ సంగతులు చెబుతూ ఒక మాట అన్నారు: పల్లెలకు మేం తెలుగులో చెప్పాం, కాలేజీలకు వచ్చేసరికి ఇంగ్లీషులో చెప్పాం, పల్లెవాళ్ళు కూర్చున్నంతసేపు కాలేజీ పిల్లలు కూర్చోలేదు. దీనికి వేరే కారణాలు కూడా ఉండొచ్చు. మధ్యాహ్నం వేళ ప్రసారం, కాలేజీలో కరెంటు ఉండాలి, సెట్టు ఉండాలి, సెట్టున్న గదికి తాళం ఉండకూడదు. సెంటర్ ఫైల్లో ఉన్న, ప్రేక్షకులు రాసిన కార్డుల్లో ఇవన్నీ కనిపించాయి. తమాషా ఏమిటంటే ఆ కార్డులు రాసిన వాళ్ళలో రిటైరైన వాళ్ళు, గృహిణులు కూడా బాగానే ఉన్నారు. ఇంట్లో మధ్యాహ్నం టీవీ ముందు కూర్చునే తీరిక వాళ్ళకే ఉంది మరి.

ఇప్పుడు రిజిస్టర్ల సంగతి. అది సెంటర్ లాగ్‌బుక్. ఏ పాఠం ఎప్పుడు రికార్డయింది, ఎప్పుడు ఎడిట్ అయింది, టేపు ఢిల్లీకి ఎప్పుడు వెళ్ళింది, ఏమని తిరిగొచ్చింది, చివరికి ఏ తేదీన ప్రసారమైంది, అన్నీ వరసగా, మూడు నాలుగు రకాల చేతిరాతల్లో ఉన్నాయి. దేశంలోని సెంటర్లు తీసిన కార్యక్రమాలు ఢిల్లీ చేరితే, అక్కడ వాటిని కూర్చి గంట నిడివి 'క్యాప్సూల్' తయారు చేసేవాళ్ళు. అది ఇన్శాట్-1బి మీదుగా దూరదర్శన్ నెట్‌వర్క్‌లో వచ్చేది. ఆ ఉపగ్రహం 1983 ఆగస్టు 30న ఛాలెంజర్ స్పేస్ షటిల్‌లో వెళ్ళింది. దానికి ముందుది, 1ఎ, 1982లోనే మూగబోయింది. ఈ రెండోదీ పోయుంటే ఈ పాఠాలన్నీ బీరువాలోనే ఉండేవి.

మా యూనివర్సిటీ బ్రోచర్‌లో ఏళ్ళ తరబడి ఒక వాక్యం అచ్చవుతోంది: కంట్రీవైడ్ క్లాస్‌రూమ్ ప్రారంభం రోజు నుంచే మన పాఠాలు దేశమంతా ప్రసారమయ్యాయని. ఎగ్జిబిషన్ మొదటి బోర్డు మీద కూడా అదే రాయాలని నిర్ణయమైపోయింది. లాగ్‌బుక్ ప్రకారం మా మొదటి టేపు ఢిల్లీకి వెళ్ళిందే 1984 డిసెంబరులో. 'ఆడియో లెవెల్ తక్కువ, డ్రాపౌట్లు (బొమ్మలో తెగిన చోట్లు) ఉన్నాయి' అన్న రిమార్కుతో తిరిగొచ్చింది. మళ్ళీ ఇంకో కాపీ తీసి పంపారు. ప్రసారమైంది 1985 మార్చిలో. ఇంజనీరు గారిని అడిగితే ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఆగస్టులో మాకు కెమెరాలే పూర్తిగా రాలేదమ్మా. మొదట్లో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి తెచ్చిన కార్యక్రమాలే వేసేవాళ్ళు" అన్నారు.

ఈ విషయం పైవాళ్ళకు చెప్పాక వచ్చిన ఇబ్బంది మెషీన్ల ఇబ్బంది కంటే పెద్దది. ఫంక్షన్ ముందు ఈ పేచీ ఎందుకమ్మా అన్నారు ఒకరు. లాగ్‌బుక్ రాసినవాడు పొరబడి ఉండొచ్చు కదా అన్నారు ఇంకొకరు. అందుకని లాగ్‌బుక్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఇన్‌వర్డ్ ఫైల్లో, అంటే బయటి నుంచి వచ్చిన ఉత్తరాల ఫైల్లో, వెతికాను. ఢిల్లీ నుంచి వచ్చిన ప్రసార సమాచారం ఉత్తరం దొరికింది, క్యాప్సూల్ నంబరు, తేదీ లాగ్‌బుక్‌తో సరిపోయాయి. టేపు మొదట్లో కనిపించే స్లేటు మీద రికార్డింగ్ తేదీ కూడా 1984 అక్టోబరే. మూడూ ఒక కాగితం మీద పెట్టి చూపించాక ఎవరూ మాట్లాడలేదు. బోర్డు మీద '1984లో నిర్మాణం, 1985లో తొలి ప్రసారం' అని వచ్చింది. నిజానికి నాకు ఈ వాక్యమే ఎక్కువ గౌరవంగా అనిపించింది. కెమెరాలు పూర్తిగా రాకముందే పని మొదలుపెట్టారు, తిరగ్గొట్టిన టేపును సరిచేసి మళ్ళీ పంపారు. మొదటి రోజే ఉన్నామని గొప్పలు చెప్పుకునే అవసరం వాళ్ళకు లేదు.

చెరిపేసిన పాఠాల విషయంలో కూడా లాగ్‌బుక్కే దిక్కయింది. లాగ్‌లో ఉన్న పాఠాల్లో సగానికి పైగా టేపులు లేవు. వాటి శీర్షిక, చెప్పినవారు, నిడివి, ప్రసార తేదీ ఉన్నాయి, బొమ్మ లేదు. ఆ జాబితా మొత్తం విడిగా టైపు చేయించాను. టేపులు తీసి కాగితాలు పారేసే వాళ్ళను చూశాను. కాగితం లేని టేపు అంటే ఎవరో తెలియని మనిషి ఏదో సబ్జెక్టు చెబుతున్న బొమ్మే. అది ప్రసారమైందో లేదో కూడా ఎవరూ చెప్పలేరు.

నిల్వ గురించి రెండు మాటలు. కుదింపు లేకుండా 10 బిట్‌లో గంట వీడియో దాదాపు 100 జీబీ. మేం ఎఫ్ఎఫ్‌వీ1 అనే కుదింపు పద్ధతిలో పెట్టాం, నాణ్యత ఏమాత్రం పోదు, సగం కంటే తక్కువలో సరిపోయింది. జతలు జతలుగా హార్డ్ డిస్కులు, ఒక సెట్టు వేరే భవనంలో. డిస్కులకు 36,000. రిపేరు, డిస్కులు, ఇంజనీరు గారి పారితోషికం అన్నీ కలిపి లక్షా పాతిక వేలు దాటింది. పారితోషికం బిల్లు మాత్రం మంజూరు కావడానికి అక్టోబరు దాకా పట్టింది. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు, నాకే మొహం చెల్లలేదు.

ఊహించని తలనొప్పి ఇంకోటి. ఒక పాఠాన్ని యూట్యూబ్‌లో పెట్టగానే కాపీరైట్ క్లెయిమ్ పడింది. పాఠం మాదే, గొంతు మా లెక్చరర్‌దే, టైటిల్స్ వెనక వినిపించే సంగీతం మాత్రం అప్పటి ప్రొడ్యూసర్ ఏదో విదేశీ ఎల్‌పీ రికార్డు నుంచి తీసుకున్నది. ఆ రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు కంప్యూటర్ పట్టేసింది. ఆ ముక్కకు శబ్దం తీసేసి మళ్ళీ పెట్టాం. పాఠాలు చెప్పిన వాళ్ళ కుటుంబాలకు ఉత్తరాలు రాసి అనుమతి అడిగాం. జవాబు ఇచ్చిన అందరూ సరేనన్నారు, అందరూ తమకో కాపీ కావాలన్నారు. ముందే పెన్ డ్రైవ్‌ల ఖర్చు రాసుకోండి.

ఆగస్టు 15న ఎగ్జిబిషన్ జరిగింది. జనం అనుకున్నంత రాలేదు, సెలవు రోజు కదా. వచ్చిన పిల్లలు ఉంగరం చెయ్యి దగ్గర బాగా నవ్వారు, లోలకం లెక్క దగ్గర ఒకమ్మాయి ఆగి పూర్తిగా విన్నది.

బూజు టేపులు ఇంకా ముట్టుకోలేదు. వాటికి విడిగా ఒక మెషీన్ కేటాయించాలి, రెండో మెషీన్‌కి రోలర్ రావాలి. ఈలోపు ఇంకో యూనివర్సిటీ వాళ్ళు ఫోన్ చేశారు. వాళ్ళ దగ్గర యూమాటిక్ టేపులు ఉన్నాయట, మెషీన్ లేదు, మా దగ్గరకు తెస్తామన్నారు. క్యాసెట్లతో పాటు వాటి రిజిస్టర్లు, ఇన్‌వర్డ్ ఫైళ్ళు కూడా వెతికి తెమ్మని చెప్పాను. అవి ఎక్కడున్నాయో స్టోర్స్‌లో కనుక్కుని వచ్చే నెల వస్తామన్నారు.